పక్కటెముక దగ్గర ఒక మడత

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నేనేం పని చేస్తానో మా బంధువుల్లో ఎవరికీ అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే "ప్లాస్టిక్ కంపెనీలో" అనేదాన్ని. వాళ్లు బకెట్లనుకునేవారు. నేను కాదనేదాన్ని కాదు. ఒకసారి మా మేనత్త మూతలు గట్టిగా పట్టే డబ్బాలు అరడజను కావాలంటే బజార్లో కొని పంపించాను కూడా. మా కంపెనీ సరుకు చాలా బాగుందని చెప్పింది.

ఇప్పుడు రిటైరయ్యాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన మీలాంటి పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "మేడం, మీ సర్వీసులో పెద్ద విజయం ఏంటి?" అని అడుగుతుంటారు. విజయాలన్నీ మా కంపెనీ బ్రోషర్‌లో రంగుల బొమ్మలతో ఉన్నాయి. అందులో వేయనిది ఒకటుంది. అది చెబుతాను.

ముందు సరుకు గురించి రెండు ముక్కలు. గాజు పోగులతో నేసిన గుడ్డ ఒకటుంటుంది. దానికి ప్లాస్టిక్ పట్టించి, ఐదారు పొరలు కలిపి పలకగా చేస్తారు. మామూలప్పుడు అది అట్టలా బిగుసుకుని ఉంటుంది. ఓవెన్లో పెట్టి కాలిస్తే తడిబట్టలా వేలాడుతుంది. అలా వేలాడుతుండగానే అచ్చులో వేసి ప్రెస్‌తో నొక్కితే, చల్లారేసరికి ఆ ఆకారంలో గట్టిపడిపోతుంది. సన్నం, తేలిక, మహా గట్టి. థర్మోప్లాస్టిక్ కాంపోజిట్ అంటారు. విమానాల్లో వాడతారు. నొక్కేటప్పుడు లోపల పోగులు ఎటు జరుగుతాయి, ఎక్కడ ముడత పడుతుంది అన్నది అచ్చు చేయించకముందే కంప్యూటర్లో లెక్కకట్టి చెప్పడం నా పని. దాన్ని మోడలింగ్ అంటారు. జూబ్లీహిల్స్‌లో ఉంటూ "మోడలింగ్ చేస్తాను" అని చెప్పుకోవడంలో ఉన్న ఇబ్బంది మీరు ఊహించగలరు. ఒక ఆటో ఆయన అద్దంలో నా వంక రెండుసార్లు చూసి, "ఏ యాడ్‌ల ఒస్తరు మేడం?" అని మర్యాదగానే అడిగాడు. నాకప్పుడు యాభై ఏడు.

మా ఆఫీసు ఒక సందులో మూడో అంతస్తులో ఉండేది. కింద కుక్కలకు క్షవరం చేసే సెలూన్. మాకంటే దానికే రాకపోకలు ఎక్కువ. మా ఎండీ గారు నాకంటే పదిహేనేళ్లు చిన్న. భీమవరం వైపు మనిషి, మర్యాదస్తుడు, కాదు అనడం రానివాడు. పొద్దున నడకకు వెళ్లే పార్కులో ఆయనకు ఒక సినిమా ప్రొడక్షన్ మేనేజర్ పరిచయమయ్యాడు. పార్కు చుట్టూ నాలుగు రౌండ్లు తిరిగేసరికి మాకు కొత్త ఆర్డరు వచ్చింది.

సినిమాలో హీరోయిన్‌ని విలన్ మేడ మీది వరండాలోంచి తోసేస్తాడు. ఆమె పట్టుచీరలో, పక్కకు తిరిగి, కింద నిలిపిన ఎడ్లబండి అంచుకు కొట్టుకుని గోనెబస్తాల మీద పడాలి. పడేది హీరోయిన్ కాదు, ఆమె డూప్. మామూలుగా ఫైటర్లు బట్టల లోపల దళసరి ఫోమ్ కట్టుకుంటారు. జాకెట్టు లోపల ఫోమ్ కడితే, హీరోయిన్ మేడ మీద ఉన్నప్పటికంటే పడేటప్పుడు లావుగా కనబడుతుంది. ఫైట్ మాస్టర్‌కు అది నచ్చలేదు. ఒంటికి అతుక్కునే సన్నటి కవచం కావాలన్నాడు. మా ఎండీ గారు అదెంతపని అన్నారు.

డూప్ చేసే అమ్మాయి బోరబండ నుంచి వచ్చేది. ముప్పై దాటి ఉంటాయి, ఇద్దరు పిల్లల తల్లి. కూర్చున్నప్పుడల్లా ఎడమ చెయ్యి ఎడమ పక్కటెముకల మీదికి దానంతటదే వెళ్లిపోయేది. అడిగితే, "రెండు విరిగినయ్ మేడం, పోయిన సినిమాల. అతుక్కున్నయ్ గానీ చలికాలం చెప్తయ్," అంది. ఈ షాట్‌లో బండి అంచుకు తగలాల్సిందీ ఆ పక్కే. కెమెరా అటువైపుంది మరి.

ఆమె ఒంటికి ప్లాస్టర్ పట్టించి కొలత అచ్చు తీశారు. గంటసేపు కదలకుండా కూర్చోవాలి. ఆమె ఆ గంటా హాయిగా నిద్రపోయింది. ఇంట్లో అంత తీరిక దొరకదంది.

ఫిల్మ్‌నగర్‌లో ఆ సినిమా కాస్ట్యూమర్ గది ఉండేది. కవచం మీదికి జాకెట్టు కుట్టాల్సింది ఆయనే కాబట్టి నా పనేంటో ఆయనకు వివరించాల్సి వచ్చింది. విమానాల కంపెనీ వాళ్లకు దీన్ని బొమ్మలు వేసి అరపూట చెప్పేదాన్ని. ఆయన రెండు నిమిషాలు విని, బల్ల మీది నూలుగుడ్డ ముక్క అందుకున్నాడు.

"నిలువులో లాగితే సాగదు. అడ్డంలోనూ సాగదు. క్రాస్‌లో లాగితే సాగుద్ది," అని లాగి చూపించాడు. "అందుకే క్రాస్ కట్ జాకెట్టు ఒంటికి పట్టుద్ది. సాగాల్సిన దానికంటే ఎక్కువ సాగదీశామా, చంక కింద ముడతొచ్చేస్తుంది. మీదీ ఇంతేనాండీ?"

"ఇంతేనండీ," అన్నాను.

"మరి దీనికి పీహెచ్‌డీ దేనికండీ?"

వెటకారం లేదు, తెలుసుకుందామనే అడిగాడు. కొలతల కాగితం ఆయన ముందుకు జరిపాను.

రెండు వారాలు కూర్చుని మోడల్ తయారు చేశాను. ఆ అచ్చు మీద పలక ఎలా వాలుతుంది, చంక కింద పోగులు ఎంత వాలుగా తిరుగుతాయి, అన్నీ. తెర మీద ప్రమాదమున్న చోట ఎర్రగా, లేనిచోట నీలంగా కనబడుతుంది. నాది మొత్తం నీలమే వచ్చింది. రిపోర్టు రాసి, చివర 'వాడకానికి భద్రం' అని సంతకం పెట్టాను. నా కింద ఎండీ గారూ పెట్టారు.

నొక్కే పని బోరబండలో, రేకుల షెడ్డులో. ప్రెస్ నడిపే ఆయన నాకంటే రెండేళ్లు పెద్ద. ఇరవై ఏళ్లుగా అదే ప్రెస్. నేను అన్నా అనేదాన్ని, ఆయన మేడం అనేవాడు. షెడ్డులో ఓవెన్ ఒక కొసన, ప్రెస్ ఇంకో కొసన ఉండేవి. ఓవెన్లోంచి పలకను పట్టకార్లతో పట్టుకుని, ఆయన ఒకవైపు, ఇంకొకాయన ఒకవైపు, గబగబా పది అడుగులు నడిచి అచ్చులో వేసేవారు. ఎడమ మూల ఎప్పుడూ ఆయనదే.

మొదటిరోజు ట్రయల్ చూడటానికి వెళ్లాను. రెండు పలకలు నొక్కాక ఆయన చేతి గ్లౌజులు తీస్తూ అన్నాడు, "మేడం, గీ ఎడమ దిక్కు మూల జర తొందరగ గట్టిపడ్తుంది. చేతికి తెలుస్తుంది."

"మోడల్లో చూశానన్నా. అక్కడేం ఇబ్బంది లేదు."

ఆయన గ్లౌజులు బల్ల మీద పెట్టాడు. "మాడల్ల ఓవెన్ కాడికెళ్లి ప్రెస్ కాడికి ఎవలు మోస్తరు మేడం?"

నేను నవ్వాను. పక్కనున్నవాళ్లూ నవ్వారు. ఆయన కూడా కొంచెం నవ్వాడు. నేను కారెక్కి వచ్చేశాను.

మోడల్లో ఎవరూ మోయరు. అందులో పలక ఓవెన్ వేడితోనే అచ్చులో ప్రత్యక్షమవుతుంది. పది అడుగుల నడక లేదు, గాలి లేదు, ఇనప పట్టకారు లేదు. ఇది నాకు తెలియని సంగతి కాదు. చల్లారడం కూడా లెక్కలోకి తీసుకుంటే మోడల్ నడవడానికి గంటలు పడుతుంది, చిన్న ముక్కకు అంత అక్కర్లేదని నేనే పక్కన పెట్టాను. పక్కన పెట్టినట్టు రిపోర్టులో ఒక వాక్యం రాయొచ్చు. అదీ రాయలేదు.

కవచాలు రెండు తయారయ్యాయి. నల్లగా, అద్దంలా మెరుస్తూ, చేత్తో పట్టుకుంటే బరువే తెలియకుండా ఉన్నాయి. ఆ అమ్మాయి ఒకటి కట్టుకుని రిహార్సల్‌లో పరుపుల మీద రెండుసార్లు పడింది. "ఏసుకున్నట్టే లేదు మేడం," అని నా చెయ్యి పట్టుకుంది. ఆరోజు ఇంటికొచ్చి మా ఆయనకు ఈ మాట మూడుసార్లు చెప్పాను.

ఎడమ చంక కింద అంచు ఒరుసుకుంటోందని, రెండో కవచానికి అక్కడ ఒక వేలెడు వెడల్పు కోసెయ్యమని కాస్ట్యూమర్ చెప్పి పంపాడు. బోరబండలో కోసి, దాన్ని సెట్‌కి పంపేముందు నన్ను చూడమని మా ఆఫీసుకు తెచ్చిచ్చారు. అది షాట్ ఉన్న రోజు పొద్దున. మొదటి కవచం అప్పటికే సెట్లో ఉంది. టిఫిన్ల తర్వాత షాట్.

కోసిన అంచును కిటికీ దగ్గర వెలుగులో పెట్టి చూశాను. పుస్తకాన్ని పక్కనుంచి చూస్తే కాగితాలు కనబడినట్టు పొరలు కనబడతాయి. ఆరు గీతలు తిన్నగా ఉండాలి. పైవి, కిందివి తిన్నగానే ఉన్నాయి. ఒకచోట, నడిమి రెండు మాత్రం, పుస్తకంలో నలిగిపోయిన కాగితంలా మెలిక తిరిగి ఉన్నాయి. భూతద్దం పెట్టి చూశాను. కళ్లజోడు తుడుచుకుని చూశాను. మెలిక కదల్లేదు.

పైకి కనబడే ముడత అయితే మంచిదే, తీసి పారేస్తాం. ఇది పైకి లేచేలోపే ప్రెస్ లోపలికి నొక్కేసింది. పైన నున్నగా ఉంది, లోపల మడత ఉంది. పోగు తిన్నగా ఉంటేనే బలం. మెలిక తిరిగినచోట దెబ్బ తగిలితే విరగొచ్చు. నా భయం విరగడం గురించి కూడా కాదు. విరిగిన గాజు పోగుల అంచు కత్తిలా ఉంటుంది. అది ఆమె ఎడమ పక్కటెముకల వైపు ఉంటుంది.

ఎవలు మోస్తరు మేడం అన్న మాట అప్పుడు అర్థమైంది. పట్టకారు పట్టిన మూల ముందే చల్లారి బిగుసుకుంది. మిగతా పలక జరుగుతుంటే అది జరగలేదు. ఆ రెండింటికీ నడుమ గుడ్డ ఎటుపోవాలో తెలియక మడత పడింది. రెండు కవచాలూ ఒకేలా నొక్కినవి, కాబట్టి రెండింటిలోనూ ఉండాలి.

ఫైట్ మాస్టర్‌కు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ప్రొడక్షన్ మేనేజర్ రెండుసార్లు కట్ చేశాడు. ఎండీ గారి గదిలోకి వెళ్లి అంచు చూపించాను. ఆయన భూతద్దం అడిగి తీసుకుని చూశారు.

"ఆపాలంటారా?"

"ఆపాలండీ."

"వెళ్లండి మేడం. కానీ ఒక్క మాట. తప్పు అనే పదం వాడకండి. ముందుజాగ్రత్త అనండి చాలు."

సరేనని ఆటో ఎక్కాను.

ఫిల్మ్‌నగర్‌లో ఆ సెట్ గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను ఒక్క చూపు చూసి, "అమ్మలు, పిన్నమ్మలు గీ లైన్ల," అన్నాడు. ఆరోజు పెళ్లి సీన్ కూడా ఉందట. జూనియర్ ఆర్టిస్టుల కోఆర్డినేటర్ ఒకావిడ నా నూలు చీర చూసి, "పట్టుచీర కట్టుకుని రమ్మని మెసేజ్ పెట్టాను కదండీ, గ్రూప్ చూసుకోరా?" అని కోప్పడింది. నేను ఇంజనీర్‌నని చెప్పాను. "ఏ వేషమైనా పట్టుచీరే," అంది. వాదిస్తే బయటికి పంపేస్తారని తోచి, పెళ్లికూతురి తరఫు వాళ్ల లైన్లో నిలబడ్డాను. వాళ్లతోపాటే లోపలికి వెళ్లాను. ఒకాయన నా చేతిలో ఉప్మా ప్లేటు పెట్టాడు. దాన్ని పట్టుకునే ఫైట్ మాస్టర్‌ని వెతికాను.

ఆ అమ్మాయి అప్పటికే మేడ మెట్ల దగ్గర పట్టుచీరలో ఉంది. హీరోయిన్ జడ, హీరోయిన్ గాజులు. లోపల నా కవచం. ఫైట్ మాస్టర్ బస్తాలు సర్దిస్తున్నాడు. యాభై పైబడిన మనిషి, కుడి భుజం సగం వరకే లేస్తుంది, అందుకని అన్నీ ఎడమ చేత్తో చూపిస్తాడు.

"మాస్టర్ గారూ, ఆ కవచంతో పడనివ్వకండి," అన్నాను.

ఆయన నన్నూ, ఉప్మానూ చూశాడు. "విరుగుద్దామ్మా?"

"తెలీదండీ."

"విరగదా?"

"అదీ తెలీదు."

"మరేం తెలుసమ్మా మీకు?"

"లోపల ఒక మడత ఉందని తెలుసు. నా లెక్క తప్పడం వల్ల వచ్చిందని తెలుసు."

ఎండీ గారి మాట గుర్తుంది. నోరు వేరేలా అంది.

ప్రొడక్షన్ మేనేజర్ పరిగెత్తుకొచ్చాడు. "భద్రం అని సంతకం చేశారు కదండీ మీరు?"

"చేశాను. అది తప్పు."

"షాట్ ముందా చెప్పేది?"

"గంట క్రితం తెలిసింది. మీరు ఫోన్ కట్ చేశారు."

దూరంగా మానిటర్ దగ్గర్నుంచి డైరెక్టర్ మైకులో, "ఏంటి లేటు?" అన్నాడు. యూనిట్ మొత్తం నా వైపు తిరిగింది. ప్రొడక్షన్ మేనేజర్ చెమట తుడుచుకుని, "సరే, ఇదంతా ఎందుకు, కవచం తీసేసి మామూలుగా చేసేద్దాం మాస్టర్. ఇన్నేళ్లూ కవచాలు పెట్టుకునే పడ్డారా?" అన్నాడు.

ఇది నేను ఆలోచించలేదు. ఆమెను కాపాడటానికని ఆటోలో వచ్చి, ఉన్న ఒక్క అడ్డునూ తీయించేస్తున్నాను. మడత ఉన్న కవచం మంచిదా, ఏమీ లేకపోవడం మంచిదా? ఆ లెక్క నేను కట్టలేదు. అక్కడ నిలబడి కట్టగలిగేదీ కాదు.

ఆ అమ్మాయి మెట్ల మీది నుంచి దిగి నా దగ్గరికి వచ్చింది.

"మేడం, మీరైతే ఏసుకుంటరా దీన్ని?"

"వేసుకోను."

"మరి ఏం లేకుండ పడ్తరా?"

"పడను."

"మరేం జేస్తరు?"

"పడను," అన్నాను మళ్లీ.

లైట్ల దగ్గర ఎవరో నవ్వారు. ఆమె నవ్వలేదు. తెర చాటుకు వెళ్లి, కవచం విప్పుకొచ్చి నా చేతిలో పెట్టింది. ఇంకా ఒంటి వెచ్చదనం ఉంది దానికి. మాస్టర్ వైపు తిరిగి, "మాస్టర్, ఇయ్యాల నేను పడ," అంది.

ఆమెకు రోజుకూలి పని. ఆ మాట అనడం ఆమెకు ఎంత కష్టమో నాకు తర్వాత తెలిసింది. పడనన్న డూప్‌ని మళ్లీ పిలవరు. ఫైట్ మాస్టర్ ఆమెను చూశాడు, వరండా ఎత్తు చూశాడు, బండి చూశాడు. తర్వాత డైరెక్టర్ దగ్గరికి నడిచి వెళ్లాడు. ఏం మాట్లాడాడో వినబడలేదు. ఎడమ చెయ్యి మాత్రం చాలాసేపు ఆడింది. తిరిగొచ్చి, "ఈ షాట్ షెడ్యూల్ చివర్లో. ఇప్పుడు పెళ్లి సీన్," అన్నాడు. ఆమెతో, "రేపు ఇంకో పనుంది, వచ్చెయ్యమ్మా," అన్నాడు. అంతే. ఆయన గురించి నేను ఎక్కువ చెప్పలేను. ఆ ఒక్క మాటతోనే ఆయనెలాంటి మనిషో నాకు తెలిసింది.

నాకు ఎవరూ థాంక్స్ చెప్పలేదు, చెప్పాల్సిన పనీ లేదు. ఒక లైట్‌మన్ మాత్రం ఫ్రేమ్‌లో ఉన్నాను, జరగమన్నాడు.

ఆఫీసుకొచ్చేసరికి ఎండీ గారికి పార్కు స్నేహితుడు అంతా చెప్పేశాడు.

"ముందుజాగ్రత్త అనమన్నాను కదండీ."

"మర్చిపోయానండీ."

"మీరు మర్చిపోలేదు."

"లేదండీ."

ఆయన రిపోర్టు తీసి సంతకాల పేజీ చూశారు. "మీ కింద నాదీ ఉంది. నేను చదవలేదు, మీరు చేశారని పెట్టేశాను," అన్నారు. కంప్యూటర్ ముందుకు జరిగి, "వెనక్కి తీసుకుంటున్నామని ఇద్దరం రాద్దాం," అన్నారు. తప్పు అన్న పదం ఆయనే టైపు చేశారు.

మర్నాడు పొద్దున బోరబండ వెళ్లాను. ప్రెస్ నడిపే ఆయన టీ తాగుతున్నాడు.

"అన్నా, ఆరోజు నవ్వినందుకు ఏమనుకోకు."

"ఎప్పుడు నవ్విండ్రు మేడం?"

"మోడల్లో ఎవరు మోస్తారు అని నువ్వడిగినప్పుడు."

"అగో, గది నేను నిజంగనే అడిగిన. తెల్వక," అన్నాడు.

నేను దాన్ని ఇన్నిరోజులూ దెప్పిపొడుపు అనుకున్నాను. నిన్నంతా మహా తెలివైన మాట అనుకున్నాను. ఆయన అడిగింది మామూలు ప్రశ్న. సమాధానం చెప్పాల్సిన మనిషి నవ్వి కారెక్కింది.

ఆరోజు పలకలో అక్కడక్కడ సన్నటి తీగలు గుచ్చి, ఓవెన్ నుంచి ప్రెస్ దాకా వేడి ఎలా తగ్గుతోందో కొలిచాం. ఆయన మూల దగ్గరికి వచ్చేసరికి మీటర్లో అంకె పడిపోయిన తీరు చూసి నాకు సిగ్గేసింది. అవన్నీ మోడల్లో పెట్టి నడిపించాను. సాయంత్రానికి తెర మీద, ఎడమ పక్కటెముక దగ్గర, ఒక ఎర్ర మచ్చ వచ్చింది. ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి ఆయనకు చూపించాను.

"గిదేనా?"

"ఇదే."

"గింత చిన్నగుందా?" అన్నాడు ఆశ్చర్యంగా. తన చేతికి అది ఇంకా పెద్దదిగా తెలిసిందేమో.

ఓవెన్‌ని చక్రాల మీదికి ఎక్కించి ప్రెస్ పక్కకు జరిపాం. పట్టకార్లకు బదులు పలకను చుట్టూ స్ప్రింగులతో లాగి పట్టే చట్రం ఒకటి ఆయనే వెల్డింగ్ చేయించాడు. కొత్తగా ఆరు కవచాలు నొక్కి, రెండింటిని ముక్కలుగా కోసి చూశాం. ఆరు గీతలూ తిన్నగా ఉన్నాయి. మిగిలిన వాటిలో ఒకదాన్నీ, ఆ అమ్మాయి విప్పి ఇచ్చిన పాతదాన్నీ ప్రెస్ కింద పక్కకు తిప్పి పెట్టి మెల్లగా ఒత్తిడి పెంచాం. కొత్తది వంగి, వదిలేస్తే మళ్లీ లేచింది. పాతది కొంతదూరం బాగానే వంగింది. తర్వాత ఎండు పుల్ల విరిగినట్టు చిన్న చప్పుడు చేసింది. అంతే చప్పుడు. లోపలివైపు అంచు మీద వేలు పెడితే గీసుకుని రక్తం వచ్చింది.

దాన్నే కట్టుకుని ఆమె రిహార్సల్‌లో రెండుసార్లు పడింది. ఏసుకున్నట్టే లేదని నా చెయ్యి పట్టుకుంది. అక్కడున్న నూనె డ్రమ్ము మీద కూర్చున్నాను. అన్న మంచినీళ్లు తెచ్చిచ్చి పక్కన నిలబడ్డాడు.

మిగిలిన కొత్త కవచాల్లో ఒకటి తీసుకుని ఫైట్ మాస్టర్ ప్రాక్టీసు చేయించే చోటికి వెళ్లాను. ఆ అమ్మాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఈసారి మీరైతే ఏసుకుంటరా?"

"వేసుకుంటాను."

"అయితే ఏసుకొని పడుండ్రి. నేను జూస్త."

మాస్టర్ వైపు చూశాను. ఆయన పరుపులు సర్దుతున్నాడు.

అది ఆమె ఒంటికి చేసింది. నా ఒంటికి పట్టీలు చివరి బెజ్జం దాకా వదలాల్సి వచ్చింది. ఛాతీ ఎత్తు బల్ల మీద నిలబెట్టారు. కింద పరుపుల ముందు బండి అంచుకు బదులు ఒక చెక్క దుంగ పెట్టారు. అక్కణ్నుంచి చూస్తే బల్ల ఛాతీ ఎత్తు కాదు, చాలా ఎత్తు.

"కిందికి చూడకుండ్రి," అంది ఆమె. "ఊపిరి బిగబట్టకుండ్రి. చెయ్యి కింద పెట్టకుండ్రి. గంతే."

నేను కిందికి చూశాను, ఊపిరి బిగబట్టాను, చెయ్యి కింద పెట్టాను. దుంగ ఎడమ పక్కన ఠపీమని తగిలింది. పరుపు మీద పడ్డాక కళ్లు తెరిస్తే ఆమె ముఖం నా మీదికి వంగి ఉంది. నా పక్కటెముకల మీద అరచెయ్యి ఆనించి, ఒక్కొక్కటీ నొక్కి చూసింది. నొప్పి లేదు. మోచెయ్యి మాత్రం మూడు వారాలు కట్టులో ఉంది. మేం దానికి కవచం చేయలేదు.

"మంచిగుంది," అంది, నా పట్టీలు విప్పుతూ.

ఇంటికెళ్లి మెట్ల మీద జారానని చెప్పాను. మా ఆయన నమ్మలేదు.

మీకు ఉపదేశాలు నచ్చవని తెలుసు. నాకూ నచ్చేవి కావు. ఒక్కటే చెప్పి ఊరుకుంటాను. మీ మోడల్లో మీరు ఏమేం వదిలేశారో రిపోర్టు మొదటి పేజీలో రాయండి, చివరి పేజీలో కాదు. చివరి పేజీలో సంతకాలుంటాయి, అందరూ నేరుగా అక్కడికే వెళ్తారు.

షెడ్యూల్ చివరి రోజు షాట్ పెట్టారు. గేటు దగ్గర ఈసారి నా పేరు రాసి ఉంచారు. అన్న కూడా వచ్చాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. సినిమా షూటింగ్ చూడటం అదే మొదలట. మేమిద్దరం కెమెరా వెనకాల, మూలకు నిలబడ్డాం. నా మోచేతికి కట్టు, సంచిలో ఇంకో కొత్త కవచం.

ఆమె వరండాలో కనబడింది. పట్టుచీర, సన్నటి మనిషి. లోపల ఏదైనా ఉందని నేను కూడా చెప్పలేను. ఎవరో తోశారు. గాలిలో పక్కకు తిరిగింది. బండి అంచుకు ఎడమ పక్క కొట్టుకున్న చప్పుడు మా ఇద్దరికీ స్పష్టంగా వినబడింది. బస్తాల మీద పడి, దొర్లి, ఆగిపోయింది.

"కట్!"

ఆమె లేవలేదు. అన్న నా మంచి చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఫైట్ మాస్టర్ అప్పటికే పరిగెడుతున్నాడు. ఆయన చేరేలోపు బస్తాల మధ్యలోంచి గాజుల చెయ్యి ఒకటి పైకి లేచింది. తర్వాత ఆమె లేచి కూర్చుంది. ఎడమ పక్కన అరచెయ్యి పెట్టుకుని, లోపలికి గట్టిగా ఊపిరి పీల్చింది. మళ్లీ పీల్చింది. మా మూల వైపు చూసి తలూపింది.

అన్న నా చెయ్యి వదిలాడు. నేను కళ్లు తుడుచుకున్నాను. డైరెక్టర్ మానిటర్‌లో షాట్ రెండుసార్లు తిప్పి చూశాడు.

"సూపర్," అన్నాడు మైకులో. "వన్ మోర్."

ఆమె కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని మేడ మెట్ల వైపు నడిచింది. ఎన్నిసార్లు పడాల్సి వస్తుందని నేను ఏ రోజూ ఎవరినీ అడగలేదు. లెక్కలో ఒక్క దెబ్బకే రాసుకున్నాను. సంచిలోంచి రెండో కవచం తీసుకుని, "ఆగమ్మా, ఆగు, అది విప్పెయ్!" అని అరుస్తూ మెట్ల వైపు పరిగెత్తాను.